రేకు ముక్క

తణుకు లారీల స్టాండు పక్కన షెడ్డు నడిపే త్రిమూర్తులు మంచి మెకానిక్కే గాని, ఏ వస్తువైనా తళతళలు చూసి కొనేవాడు.

దసరా దగ్గరపడింది. పక్క షెడ్ల వాళ్లు ఆయుధ పూజకు కొత్త పనిముట్లు పెడుతుంటే, తన నల్లబడ్డ పానాలు పెట్టడం అతనికి నామోషీ అనిపించింది. వాటిని పాత ఇనుము కింద తూకానికి వేసేసి మస్తాన్ కొట్టుకు వెళ్లాడు. మస్తాన్ పనిముట్ల వ్యాపారంలోనే తల నెరిసిన మనిషి. త్రిమూర్తులు అద్దంలా మెరిసే సెట్టు అందుకోగానే ఆయన ఒక నట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"దీనికి తొడిగి ఊపి చూసుకో త్రిమూర్తులూ. లొడలొడలాడితే వద్దు. అందరూ అడుగుతున్నారని తెచ్చానే గాని, అవి నిలిచే సరుకు కాదు. ఆ మూలనున్నవి నల్లగా ఉంటాయి, పట్టు మాత్రం వదలవు," అన్నాడు.

"పూజలో నల్లవి పెడితే ఏం బాగుంటుందండీ?" అని త్రిమూర్తులు నవ్వేసి, మెరిసేవే కట్టించుకున్నాడు.

పూజనాడు వాటికి కుంకుమ బొట్లు పెడితే చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. అతని సంబరం ఇంతా అంతా కాదు. పండగ వెళ్లిన కొద్దిరోజులకే పానాల నోళ్లు సాగాయి. నట్టు మీద పానా జారుతుంటే, మధ్యలో రేకు ముక్క దూర్చి తిప్పేవాడు. "ఇంకేం, సర్దుకుంది," అనుకునేవాడు.

ఒకరోజు అతని చిన్ననాటి స్నేహితుడు సత్తిరాజు తన ఆటో తెచ్చాడు. త్రిమూర్తులు వెనక చక్రం విప్పి, బాగుచేసి, మళ్లీ ఎక్కించాడు. ఎప్పటిలాగే రేకు ముక్క దూర్చి నట్లు బిగించాడు. చేతికి గట్టిగానే తగిలింది. కాని బిగుసుకున్నది నట్టు కాదు, పానాలో ఇరుక్కున్న రేకు.

కాలవ గట్టు మీద ఆ చక్రం ఊడిపోయింది. ఆటో బోల్తాపడి సత్తిరాజు కాలు విరిగింది. వెనక సీట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఆసుపత్రిలో త్రిమూర్తులు మంచం పక్కన తల వంచుకుని నిలబడి, జరిగింది దాచకుండా చెప్పాడు.

"బండి తీసేముందు చక్రాన్ని కాలితో తన్ని చూసుకోవడం నాకు అలవాటురా. నీ షెడ్డు నుంచి వచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు," అన్నాడు సత్తిరాజు.

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. త్రిమూర్తులు షెడ్డుకు వచ్చి, ఇంకొకరి చేతిలో పడకూడదని ఆ పానాలన్నిటినీ సమ్మెటతో వంచేశాడు. మస్తాన్ కొట్టుకు వెళ్లి, ఒక్కొక్క పానా నట్టుకు తొడిగి, ఊపి చూసి, కదలనివే తెచ్చుకున్నాడు.

మరుసటి దసరాకు అతని షెడ్డులో నల్లటి పానాలకే కుంకుమ పడింది. సత్తిరాజు కుంటుకుంటూ వచ్చి ఆటో బాగుచేయించుకున్నాడు. వెళ్లబోతుంటే త్రిమూర్తులే ఆపి, "తన్ని చూడరా," అన్నాడు. సత్తిరాజు చక్రాన్ని తన్ని చూసి, బండి ఎక్కాడు.

మన పనిని నమ్మి ఎదుటివాడు తన ప్రాణాన్ని మన చేతిలో పెడతాడు. కాబట్టి పనిముట్టును మెరుపు చూసి కాదు, పట్టు చూసి ఎంచుకోవాలి.