పచ్చి చేను ఎవరూ కొయ్యరు

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ చివరనున్న పిల్లా, నువ్వూ రా. అప్పన్న స్వామికి దణ్ణం పెట్టుకోండి. ఇవాళ కోపంగా చెబుతాను, బెదిరిపోకండి. కోపం మీ మీద కాదు.

అనగనగా ఒక ఊళ్ళో పైడయ్య అని ఒక కోతగాడు. వరి కోతల్లో ముందు వరస అతనిదే. రాజుగారు యుద్ధానికి తీసుకుపోతే, కుడిచెయ్యి అక్కడే పోగొట్టుకుని వచ్చాడు. ఆ చేతికి బదులు రాజుగారు రెండు మళ్ళు ఇచ్చారు.

కొన్నాళ్ళకు రాజుగారికి ఇంకో యుద్ధం కావాల్సొచ్చింది. అప్పుడు ఆయన సైన్యాన్ని నడిపే దళవాయి, కుర్రాళ్ళని పోగెయ్యడానికి డప్పులతో ఊళ్ళోకి వచ్చాడు. "పైడయ్యా, నేను నేర్పినట్టు చెప్పు. లేదా మళ్ళు వదులుకో" అన్నాడు.

పైడయ్య తల వంచుకుని అందరి ముందు నిలబడ్డాడు. "యుద్ధం అంటే జాతర" అన్నాడు. నలుగురు కుర్రాళ్ళు ముందుకొచ్చారు. ఆ తర్వాత "యుద్ధం అంటే వేట" అన్నాడు. ఇంకో ఆరుగురు వచ్చారు. ఆ తర్వాత "శత్రువుల్ని వరి కోసినట్టు కోశాం" అన్నాడు.

అప్పుడు అతని తమ్ముడు బంగారయ్య ఎగిరి గంతేశాడు. ఇంకా మీసమైనా సరిగా రాలేదు వాడికి. దళవాయి చేతిలో బల్లెం అందుకుని, "అన్నా, నువ్వెంతమందిని కోసావేటి?" అన్నాడు.

పైడయ్య నేలకేసి చూస్తూ అన్నాడు, "ఒక్కణ్ణి."

"ఒక్కడేనా!" అని జనం నవ్వారు.

నవ్వనిది అసిరమ్మ ఒక్కతే. కోతల్లో అతని పక్క వరసలో వంగే ముసల్ది. "ఎవుడు నాయనా ఆడు? పేరేటి?" అంది.

అంతవరకూ ఎవరూ అడగలేదర్రా ఆ మాట! రాజు అడగలేదు, దళవాయి అడగలేదు.

"కనకయ్య" అన్నాడు పైడయ్య. "'నేను కనకయ్యని, నన్ను సంపకు' అన్నాడు. అప్పన్నా అని మన దేవుణ్ణే పిలిసేడు. మా తమ్ముడంత ఉంటాడు."

"నోర్ముయ్!" అన్నాడు దళవాయి.

"నువ్వు ముయ్యి!" అని పైడయ్య ఎదురు తిరిగాడు. "కోతంటావా? నీ జన్మలో కొడవలి పట్టేవా? మేం చేనుకి మొక్కి కొడవలెడతాం. పిచ్చుకలు తినడానికి కంకుల కుచ్చు కడతాం. పచ్చి చేను ఏ కోతగాడూ కొయ్యడు. నాచేత కోయించింది పచ్చి చేనురా!"

బంగారయ్య చేతిలోని బల్లెం కింద పడింది. వాడు వెళ్ళి అన్న పక్కన నిలబడ్డాడు. ఆ పదిమందిలో నలుగురు వెనక్కి తగ్గారు. ఆరుగురు వెళ్ళారు. వాళ్ళెవరూ తిరిగి రాలేదు. పైడయ్య మళ్ళు పోయాయి, తమ్ముడు దక్కాడు.

అసిరమ్మ చేసిన పని గుర్తుపెట్టుకోండి. యుద్ధాన్ని ఎవరు ముద్దుగా చెప్పినా, మీరూ అదే అడగండి. ఏదీ, నాతో అనండి:

జాతరంటే పేరడుగు,
వేటంటే పేరడుగు,
కోతంటే పేరడుగు.
కథ కంచికి సాగింది,
కన్ను కునుకు అడిగింది.