అడ్డుతెర వెనక సీమసారా

ఒకానొక రాజ్యంలో, దాని పేరు చెబితే అక్కడి జనం కర్రలు పుచ్చుకుని నా మీదికొస్తారు గనుక చెప్పను, రణరంగ భూపతి అని ఒక రాజు ఉండేవాడు. పేరులో ఉన్న రణరంగాన్ని ఆయన ఏనాడూ కళ్ళారా చూసి ఎరగడు. ఆయన ప్రతాపమంతా విస్తరి ముందూ, పానపాత్ర ముందూనే.

ఆయన సీమసారా తప్ప ముట్టడు. అది ఓడెక్కి సముద్రాలు దాటి వచ్చేది. రేవులో దిగాక ఏనుగు మీద అంబారీలో పెట్టి, ముందు డోలూ సన్నాయీ పెట్టి, కోటకి ఊరేగించుకొచ్చేవారు. జాడీ మూతికి ఎర్రలక్క ముద్ర. ఒక్క జాడీ వెలకి ఓ రైతు కాడెద్దులు కొనుక్కుని, బండి కూడా చేయించుకోవచ్చు. "ఎందుకు ప్రభూ ఇంత ఖరీదు?" అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగాక మెడ మీద తల ఉండొద్దూ!

పానశాలకి పెద్ద మార్తాండయ్య. రాజుగారు తాగినదాన్ని వర్ణించడం ఆయన ఉద్యోగం. ముందు రాజుగారు ఒక గుక్క వెయ్యాలి, తర్వాత మార్తాండయ్య ఒక గుక్క వేసి నోరు విప్పాలి. అది ఆస్థాన మర్యాద. "ఆహా! నాలుక మీద తేనె, అంగిట్లో ఏలకి, గొంతు దిగేటప్పుడు మంచి గంధం!" అని ఆయన కళ్ళు మూసుకునేవాడు. సభంతా "ఆహా!" అనేది. సభవారికి సారా చుక్క దక్కేది కాదు గానీ, ఆ "ఆహా" మాత్రం కావలసినంత దక్కేది.

ఆ సభలోనే వెంగన్న అని ఒక చమత్కారి ఉన్నాడు. రాజుగారికి నవ్వు తెప్పించి జీతం పుచ్చుకునేవాడు. కొండ కింద ఇప్పలవలస అతని అత్తవారి ఊరు. అత్తగారు సన్యాసమ్మ. ఇప్పపూల సారా కాచడంలో ఆమె చెయ్యి అందెవేసిన చెయ్యి. ఒక్క ఆమేమిటి, ఊరికి ఊరే సారా కాచే బట్టీల మీద బతికేది.

ఇలా ఉండగా పొరుగు రాజు రాయబారి విందుకొచ్చాడు. రాజుగారు ఎంతో దర్పంగా సీమసారా పోయించారు. ఆ మహానుభావుడు ఒక గుక్క తాగి, గిన్నె పక్కన పెట్టి, "ప్రభూ, దారిలో ఏరు దాటుతుంటే పడవవాళ్ళు ఇప్పసారా పోశారు. ప్రాణం లేచొచ్చింది! అది ఇంకాస్త దొరుకుతుందా?" అన్నాడు.

ఇంకేముంది! రాజుగారి మొహం కందగడ్డ అయిపోయింది. అతిథిని ఏమీ అనలేక ఆ కోపమంతా దిగమింగి, తెల్లారి సభలో కక్కారు. "నా పరువు తీసిన ఆ ముష్టి సారా నా రాజ్యంలో ఉండకూడదు! మూడు రోజుల్లో ఇప్పలవలసలో ఒక్క బట్టీ మిగలడానికి వీల్లేదు. కుండలన్నీ పగలగొట్టండి!"

మార్తాండయ్య "చిత్తం, చిత్తం" అంటూ అందరికంటే ముందు తల ఊపాడు.

కబురు అందుకుని సన్యాసమ్మ ఉరుకులు పరుగుల మీద అల్లుడింటికొచ్చింది. కూతురిచ్చిన మజ్జిగ కూడా ముట్టుకోలేదు.

"ఏం అల్లుడూ, రాజుగారి పక్కన కూచుంటానని చెప్పుకుంటావు కదా. కూచుని ఏం చేస్తున్నావయ్యా, ఈగలు తోలుతున్నావా? పూలన్నీ ఏరి ఎండబెట్టి గాదెల్లో పోసుకున్నాం. ఇప్పుడు వాటినేం చెయ్యమంటావు, దండలు గుచ్చి తల్లో పెట్టుకోమంటావా? ఊరంతా పస్తులు పడుకోవాలి!"

"నేనున్నాను కదత్తా."

"నువ్వున్నావనే నా భయం!" అంది గానీ, ఆ వెంటనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ కళ్ళొత్తుకోవడం చూశాక వెంగన్నకి అన్నం సయించలేదు. కాళ్ళ మీద పడితే రాజుగారు మరింత బిగుసుకుంటారని అతనికి తెలుసు. అయితే అతను ఏళ్ళ తరబడి ఆ సభలో కూచుని ఊరికే ఈగలు తోలలేదు. ఒక సంగతి కనిపెట్టాడు. సీమసారా గొంతు దిగగానే రాజుగారి మొహం ఆముదం తాగినట్టు ముడుచుకునేది. మార్తాండయ్య ఆ ముడతలు చూసి, ఇది మహానందం కాబోలనుకుని వర్ణన ఎత్తుకునేవాడు. ఆ వర్ణన విని రాజుగారు, ఓహో ఇది గొప్ప రుచి కాబోలనుకుని మీసం దువ్వేవారు. రాజుగారు మార్తాండయ్య నోటి వంక చూస్తారు, మార్తాండయ్య రాజుగారి మొహం వంక చూస్తాడు. సారా రుచి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ చూడరు!

మర్నాడు సభలో వెంగన్న లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఆ కుండలు పగలగొట్టించండి, మహబాగా ఉంటుంది. కానీ రేపు ఆ రాయబారి, 'పోటీలో నిలవలేక పగలగొట్టారు' అని ఊరూరా చెబుతాడేమో. ముందు సీమసారానీ ఇప్పసారానీ పక్కపక్కన పెట్టి ఓడించి, ఆ తర్వాత పగలగొడితే తమ కీర్తి నాలుగు దిక్కులా పాకుతుంది."

"దానికి పోటీ కూడానా!" అని రాజుగారు పకపకా నవ్వారు. "సరే కానీ."

"ఒక్క మాట ఇప్పించండి. తమ నాలుక ఏది గొప్పదంటే, దాన్ని కాచే బట్టీ జోలికి ఎవరూ పోకూడదు."

"ఇచ్చాం! నువ్వు ఓడితే అరగుండు కొట్టించి గాడిదెక్కిస్తాం, ఇష్టమేనా?"

"గాడిదకి ఇష్టమైతే నాకూ ఇష్టమే ప్రభూ."

మార్తాండయ్య నవ్వుతూ మీసం తిప్పాడు. "చీకట్లో ఇచ్చినా చెప్పేస్తాను. నా నాలుకకి కళ్ళున్నాయి."

"ఆ మాట కోసమే చూస్తున్నానయ్యా!" అని వెంగన్న చంకలోంచి ఒక గుడ్డ తీసి పరిచాడు. చూస్తే ఏముంది, పెళ్ళిలో వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర! పసుపు మరకలతో సహా ఉంది. "తమరిద్దరూ ఎదురెదురుగా కూచోండి, మధ్యలో ఇది పడతాం. లేకపోతే మార్తాండయ్యగారు ప్రభువుల మొహం చూసి చెప్పారని గిట్టనివాళ్ళు అంటారు. ఆ నింద ఆయనకెందుకు?"

సభలో కిసుక్కున నవ్వులు. మార్తాండయ్య చూస్తే, కాదంటే పరువు పోతుంది, అవునంటే రాజుగారి మొహం కనపడదు. చచ్చినట్టు ఒప్పుకున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని సేనాపతిని పిలిచి, సారా పొయ్యమన్నారు. ఆయన పక్క గదిలోకి వెళ్ళి, సీమసారానీ, వెంగన్న తెచ్చిన ఇప్పసారానీ ఒకే తీరు మట్టిముంతల్లో పోసి, కొన్నిటికి ఎర్రదారం, కొన్నిటికి తెల్లదారం కట్టి తెచ్చాడు. ఏ దారం ముంతలో ఏముందో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇద్దరి ముందూ రెండేసి ముంతలు పెట్టారు. నోరు మెదపకుండా రుచి చూసి, ఏది సీమసారా అనిపిస్తే దాని పక్కన బంతిపువ్వు పెట్టాలి.

సభకి రెండు వైపులా కనిపిస్తోంది.

రాజుగారు తెల్లదారం ముంత ఎత్తారు. ఒక గుక్క. మొహం ముడుచుకుంది. ఎర్రదారం ముంత ఎత్తారు. ఒక గుక్క, ఇంకో గుక్క, ఆపైన ఇంకోటి. మొహం విప్పారింది. "ఇదీ దొరతనం!" అనుకున్నట్టు తలాడించి, ఎర్రముంత పక్కన పువ్వు పెట్టేశారు.

అవతల మార్తాండయ్య పాట్లు పగవాడికి కూడా వద్దు. ఇది తాగాడు, అది తాగాడు, మళ్ళీ ఇది తాగాడు. రాజుగారు దగ్గుతారేమోనని చెవి రిక్కించాడు. తెరకేమైనా చిల్లుందేమోనని వెతికాడు. చివరికి దేవుడి మీద భారం వేసి తెల్లముంత పక్కన పువ్వు పెట్టాడు.

తెర దించారు. ఇద్దరూ ఒకరి పువ్వు ఒకరు చూసుకున్నారు. మార్తాండయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

వెంగన్న అమాయకంగా అడిగాడు. "అదేమిటి మార్తాండయ్యగారూ? మీరు తెల్లదంటున్నారు, ప్రభువులు ఎర్రదన్నారు. ప్రభువులు పొరపడ్డారంటారా?"

"శివశివా! ఎంత మాట!" మార్తాండయ్య పువ్వు తీసి ఎర్రముంత పక్కకి గెంటేశాడు. "నాకు జలుబు చేసింది ప్రభూ! ఎర్రదే, ముమ్మాటికీ ఎర్రదే. నాలుక మీద తేనె, అంగిట్లో ఏలకి, గొంతు దిగేటప్పుడు మంచి గంధం! ఇక ఈ తెల్లది కుడితి ప్రభూ, పచ్చి కుడితి!"

"సేనాపతీ, చెప్పవయ్యా" అన్నారు రాజుగారు గర్వంగా.

సేనాపతి నేల చూపులు చూశాడు. "ఎర్రదారం ముంతలో ఉన్నది సన్యాసమ్మ కాచిన ఇప్పసారా ప్రభూ. తెల్లదారం ముంతలోది సీమసారా."

రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. వెంగన్న మాత్రం నవ్వుతూనే అన్నాడు.

"పాపం, మార్తాండయ్యగారు ఈ జన్మకి ఒక్కసారి నిజం కనిపెట్టారు ప్రభూ. దాన్ని కూడా తమకోసం మింగేశారు!"

"వెంగన్నా! మమ్మల్ని ఓడించి పైగా పరిహాసమా?"

"ఎంత మాట! తమరు గెలిచారు ప్రభూ. పక్కన పొగిడేవాడు లేకపోయినా, ముద్ర కనపడకపోయినా, తమ నాలుక తనకేది ఇష్టమో చెప్పేసింది. అంతకంటే రసికత ఏముంటుంది? ఓడింది ఖరీదు. మంచి సరుకుకి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం తప్పు కాదు. రెండుసార్లు కాచినదానికి మా అత్త నా దగ్గరే ఎక్కువ గుంజుతుంది! కానీ ఆ పైన పోసేదంతా ఓడకీ, ఏనుగుకీ, సన్నాయివాడికీ పోతుంది. గొంతులోకి దిగేది వాటిలో ఒక్కటీ లేదు కదా ప్రభూ."

రాజుగారు ఎర్రముంత ఎత్తి మిగిలింది కూడా తాగేశారు. మూతి తుడుచుకుని, మెల్లిగా అన్నారు. "నిజం చెప్పనా వెంగన్నా? ఆ సీమసారా నాకు మొదటి నుంచీ గొంతులో మంటే!"

అని ఒక్కసారి కడుపు పట్టుకుని నవ్వారు. రాజు నవ్వాక సభ ఆగుతుందా! ఈసారి "ఆహా"లు నిజంగానే వచ్చాయి. మార్తాండయ్య కూడా నవ్వాడు, అందరికంటే ఆఖర్న.

మాటంటే మాటే. కుండలు పగలగొట్టే ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి వెంగన్న మెడలో వేశారు. అంతటితో ఊరుకున్నారా? ఉత్సాహం పట్టలేక, "ఇవాళ్టి నుంచి మీ అత్త సారాకి ఆస్థాన సారా అని బిరుదు ఇస్తున్నాం! మా కోట తప్ప ఇంకెవరూ కొనకూడదు!" అని ప్రకటించబోయారు.

వెంగన్న ఒక్క గెంతులో వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాడు.

"వద్దు ప్రభూ, తమకి పుణ్యముంటుంది! ఆ బిరుదు చెవిన పడితే మా అత్త రేపటికల్లా ధర పదింతలు చేస్తుంది. ఎల్లుండికల్లా అది తమకి గొంతులో మండుతుంది!"