దూది మూట, తేనె కుండలు

ఏటి నడుమ మద్దిలంక అనే చిన్న అడవి ఉండేది. నిండా మద్దిచెట్లు, వెదురు పొదలు. అక్కడ జంబన్న అనే ఎలుగుబంటి, సూదవ్వ అనే ముసలి ముళ్లపంది, చారమ్మ అనే ఉడుత కాపురం ఉండేవారు. కొన్ని ముంగిసలు, నెమళ్ళు కూడా ఉండేవి.

ఆ ఏడు వాన ఆగకుండా కురిసింది. ఏరు పొంగి లంక మీదికి ఎక్కసాగింది. పొద్దున పొదల దాకా వచ్చిన నీళ్ళు మధ్యాహ్నానికి పుట్టలను ముంచేశాయి. అవతలి ఒడ్డున ఎత్తైన కొండ ఉంది. అక్కడికి చేరితేనే ప్రాణాలు దక్కుతాయి.

అందరూ కలిసి వెదురు బొంగులతో తెప్ప కట్టారు. నెమళ్ళు పొడవాటి తీగ కొసను ముక్కున కరచుకుని అవతలికి ఎగిరి, అక్కడి చెట్టుకు చుట్టి వచ్చాయి. రెండో కొసను ఇవతలి చెట్టుకు కట్టారు. ఇక ఆ తీగ పట్టుకుని లాక్కుంటూ ఏరు దాటడమే.

"లాగే బలం నాకే ఉంది. తెప్ప మీద ఏది ఎక్కాలో, ఏది ఎక్కకూడదో కూడా నేనే చెబుతాను. కంటితో చూస్తే చాలు, బరువెంతో నాకు తెలిసిపోతుంది" అన్నాడు జంబన్న.

చారమ్మ పిల్లలు పుట్టి ఎన్నాళ్ళో కాలేదు. ఆమె, ఆమె చెల్లెళ్ళు కలిసి ఎండాకాలమంతా బూరుగు దూది ఏరి, మోదుగాకుల్లో చుట్టి పెద్ద మూట కట్టారు. దాన్ని దొర్లించుకుంటూ తెప్ప దగ్గరికి తెచ్చారు.

"అబ్బో! ఈ మూట నా పొట్టకన్నా పెద్దదే! ఇది ఎక్కితే తెప్ప మునగడం ఖాయం. ఇక్కడే వదిలెయ్" అన్నాడు జంబన్న.

"అన్నా, పిల్లలకు ఒంటి మీద బొచ్చయినా రాలేదు. ఈ చలిలో దూది లేకపోతే బతకరు" అంది చారమ్మ.

"ముందు నా సామాను దాటనీ. తర్వాత చూద్దాం."

జంబన్న తన తేనె కుండలు తెచ్చి తెప్ప మీద వరసగా పేర్చాడు. చంకలో ఇమిడిపోయే చిన్న కుండలు. అతనికి బలం ఎక్కువ కాబట్టి వాటి బరువు తెలియనే లేదు.

సూదవ్వ ఊరుకోలేదు. ఒక రాయి మీద పొడవాటి కర్రను అడ్డంగా పెట్టించింది. ఒక కొసన దూది మూటను, రెండో కొసన ఒకే ఒక్క తేనె కుండను కట్టించింది. కుండ ఉన్న వైపు ధబ్బున నేలకు దిగింది. మూట గాలిలోకి లేచింది.

"చూశావా జంబన్నా? మనం ముట్టుకునే ప్రతిదీ పదార్థమే. పీల్చే గాలి కూడా పదార్థమే. ప్రతి పదార్థానికీ ఉండడానికి కొంత చోటు కావాలి. ఆ చోటే ఘనపరిమాణం. అందులో ఎంత పదార్థం ఉందన్నది ద్రవ్యరాశి. దూది మూట చోటు చాలా తీసుకుంటుంది, కానీ దాని లోపల ఉన్నది ఎక్కువగా గాలే. తేనె కొంచెం చోటులోనే ఒత్తుగా నిండి ఉంది. అందుకే ఇంత బరువు" అంది.

"నీ కర్ర వంకరగా ఉంది అవ్వా. నా కళ్ళు సరిగ్గానే ఉన్నాయి" అని జంబన్న తెప్ప ఎక్కి లాగడం మొదలుపెట్టాడు.

ఒడ్డు వదిలి కొంచెం దూరం వెళ్ళాడో లేదో, వెదురు బొంగుల మీదికి నీళ్ళు వచ్చేశాయి. తెప్ప ఒక పక్కకు ఒరిగింది. కుండలన్నీ జారి బుడుంగుమని మునిగాయి. జంబన్న కూడా నీళ్ళలో పడ్డాడు. బరువు పోగానే తెప్ప పైకి తేలి, ఒడ్డు వైపు కొట్టుకొచ్చింది.

జంబన్న ఒక్క చేత్తో తీగ పట్టుకుని వేలాడుతున్నాడు. వరద అతన్ని లాగేస్తోంది. "కాపాడండి!" అని అరిచాడు.

చారమ్మ పిల్లల వైపు చూసింది. జంబన్న వైపు చూసింది.

"అవ్వా, మూటకు ఇంకో తీగ కట్టి నీళ్ళలోకి తోయించు!" అంది.

"మరి నీ పిల్లలో?"

"వాళ్ళను కాసేపు నా ఒంటితో కాచుకుంటాను. నువ్వు తోయించు!"

మూట బాతులా తేలుతూ జంబన్న దగ్గరికి పోయింది. జంబన్న దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. అంత బరువు పడ్డా మూట మునగలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా మూటకు కట్టిన తీగ పట్టి అతన్ని గట్టుకు లాగారు.

మూట విప్పి చూస్తే పైపొర మాత్రమే తడిసింది. లోపలి దూది పొడిగా ఉంది. చారమ్మ పిల్లలను అందులో పడుకోబెట్టింది. చలికి నీలబడ్డ పిల్లలు నెమ్మదిగా కదిలారు.

జంబన్న తల వంచుకుని నిలబడ్డాడు. "తప్పు నాదే తల్లీ" అన్నాడు చారమ్మతో. తర్వాత సూదవ్వ వైపు తిరిగి, "అవ్వా, ఇక నువ్వే తూచి చెప్పు. ముందు నన్ను తూచు" అన్నాడు.

అతను కర్రకు ఒక కొసన కూర్చున్నాడు. రెండో కొసన ఉడుతలు, ముంగిసలు, నెమళ్ళు, సూదవ్వ కూడా ఎక్కారు. జంబన్న ఉన్న కొస నేల మీంచి లేవనే లేదు! అంత వానలోనూ అందరూ పకపకా నవ్వారు. జంబన్నకూ నవ్వొచ్చింది.

"అయితే నేను తెప్ప ఎక్కను. తెప్పను తీగకు తగిలించండి, కొట్టుకుపోదు. దాని అంచు పట్టుకుని, ఈదుతూ తోస్తాను" అన్నాడు.

అలాగే చేశాడు. మొదట దూది మూటనూ పిల్లలనూ దాటించాడు. తర్వాత సూదవ్వ చెప్పిన వరసలో ఒక్కొక్కరినీ చేర్చాడు. చీకటి పడకముందే అందరూ కొండ మీద ఉన్నారు.

ఆ వానాకాలమంతా జంబన్నకు తేనె లేదు. చేదు దుంపలు తవ్వుకుని తిన్నాడు. చారమ్మ పిల్లలు మాత్రం బొద్దుగా పెరిగి, అతని వీపు మీదే ఆడుకున్నారు.

నీతి: పెద్దగా కనిపించేదంతా బరువైనదీ కాదు, చిన్నగా కనిపించేదంతా తేలికైనదీ కాదు, తూచి చూశాకే తీర్పు చెప్పాలి.