ఎర్రకొండ గండికి తలుపుల్లేవెందుకు

ఒకప్పుడు, కొండలు కూడా ఇళ్ళలాగే తలుపులు పెట్టుకునే కాలంలో, ఎర్రకొండ నడుమ ఉన్న సందు ఎప్పుడూ మూసే ఉండేది. రెండు పెద్ద పెద్ద రాతి తలుపులు, వాటికో రాతి గడియ. గడియ తీయాలంటే కొండకు మనసు రావాలి. ఆ మనసు ఊరికే రాదు.

కొండ చెడ్డవాడేం కాదు. మహా మర్యాదస్తుడు. కాకపోతే ప్రశ్నలు జాస్తి. చీమ వచ్చినా సరే, ఎవరి బిడ్డవు, ఏ ఊరు, ఏం పని మీద పోతున్నావు, అక్కడ మీకు చుట్టాలెవరు అని ఆరా తీసి, ఎగాదిగా చూసిగానీ లోపలికి రానిచ్చేవాడు కాదు. పాపం, చీమలు చాలావరకు మధ్యలోనే వెనక్కు తిరిగి పోయేవి.

పెన్న మాత్రం వెనక్కు ఎలా పోతుంది? ఎక్కడో పడమట నందికొండల్లో పుట్టిన ఏరు. తూర్పున సముద్రానికి పోవాలి. చుట్టూ తిరిగి పోదామా అంటే రెండు పక్కలా ఎర్రకొండ తమ్ముళ్ళు, వాళ్ళ పిల్లలు, పిల్లల పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ఇక తలుపు తట్టాల్సిందే.

మొదట వానాకాలంలో వచ్చింది. ఎలా వచ్చిందనుకున్నారు? ఎర్రగా, బురదబురదగా, మూతి నిండా నురగ, చంకలో ఎవరి తోటదో చింతకొమ్మ, నెత్తిన ఎవరి ఇంటిదో పందిరిగుంజ. గొంతు పది ఊళ్ళకు వినిపిస్తోంది. కొండ అడగాల్సినవన్నీ అడిగాడు. పెన్న అన్నింటికీ అరుస్తూనే జవాబు చెప్పింది. కొండకు తృప్తి కలిగింది. తలుపు బార్లా తీసి, దగ్గరుండి సాగనంపి, ఆమె అటు దాటగానే గడియ పెట్టుకున్నాడు.

చలికాలంలో మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పెన్న చిక్కిపోయి ఉంది. పచ్చగా, తేటగా, అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. మాట కూడా మెత్తన. కొండ తలుపు సందులోంచి ఒక కన్ను పెట్టి చూశాడు.

"ఎవురమ్మీ నువ్వు?"

"నేనే తాతా, పెన్నను."

"పెన్నను నేనెరగనా? ఆ పిల్ల ఎర్రగా, లావుగా ఉంటాది. వస్తాంటేనే చెవులు గింగురుమంటాయి. నువ్వెవురో సన్నంగా ఉండావు."

పెన్నకు ఒళ్ళు మండింది. అయినా పెద్దవాడు కదా అని ఓర్చుకుని నాయన పేరు, పుట్టిన ఊరు, పోయే చోటు మళ్ళీ మొదటినుంచి చెప్పుకొచ్చింది. కొండ సగం నమ్మి, సగం నమ్మక ఒక్క తలుపే తీశాడు, అదీ ఓరగా. పెన్న ఒళ్ళు పక్కకు తిప్పి దూరాల్సి వచ్చింది.

పోనీ, అంతటితో అయిందా అంటే కాలేదు. మరుసటి వానాకాలం ఎర్రగా వస్తే, మొన్నొచ్చిన పచ్చపిల్లవి కాదే అన్నాడు. చలికాలం పచ్చగా వస్తే ఎర్రపిల్ల ఏదన్నాడు. పెన్న విసిగిపోయి ఆ రాతికే తల కొట్టుకునేది. రాయి అరిగింది కానీ కొండ మారలేదు.

ఇట్లా ఉండగా ఒక ఏడు వానలు సరిగా పడలేదు. అసలు చిక్కు ఆ ఎండాకాలంలో వచ్చింది.

తలుపులకు అవతల, ఏటి ఇసుకలో, ఓబుళమ్మ అనే ఆమె దోసపాదులు పెట్టుకుంది. వాటికి వరద అక్కర్లేదు. ఇసుక కింద కాస్త చెమ్మ తగిలితే చాలు, పాకుతాయి, పిందెలేస్తాయి. ఆ కాయలతోనే ఆమె ఇల్లు గడవాలి.

పెన్న రాకపోలేదు. వచ్చింది. కానీ ఇసుక అడుగున, దారం పోగంత సన్నగా వచ్చింది. ముఖం లేదు, గొంతు లేదు. కొండ చూస్తే ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు. తాతా అని పెన్న పిలిస్తే, గాలి కాబోలనుకుని అటు తిరిగి కూర్చున్నాడు. తలుపు కిందనుంచి పెన్నకు వాడిన ఆకుల వాసన వస్తోంది. అడిగితే చెప్పడానికి నాయన పేరు నోట్లోనే ఉంది, అడిగేవాడే లేడు. ఎంత ఉక్రోషంగా ఉంటుందో చూడండి.

అవతల ఓబుళమ్మ పార పట్టుకుని వచ్చి, దాని కర్రతో తలుపు మీద దబదబా బాదింది. పెన్న ఏమైందని నిలదీసింది. ఎర్రపిల్ల రాలేదు, పచ్చపిల్లా రాలేదు, ఎవరూ రాలేదన్నాడు కొండ. ఆ ఇద్దరూ ఒకతేనయ్యా అని ఆమె ఎంత మొత్తుకున్నా, రుజువేంది అన్నాడు.

ఓబుళమ్మ పార కింద పెట్టింది.

"సరే పెద్దాయనా. ఆ పిల్లను పంపేటప్పుడు ఏమని పంపినావు?"

"అందరూ ఏమంటారు? పోయిరామ్మా అన్నా."

"పో అనలేదా?"

"ఛీ ఛీ. గడప దాటే ఆడబిడ్డను పో అంటారా ఎవురన్నా? పోయిరా అనే అన్నా. ఎర్రపిల్లకూ అదే చెప్పినా, పచ్చపిల్లకూ అదే చెప్పినా."

"రా అని నీ నోటితోనే పిలిచినావు. పిలిచి గడియ పెట్టుకున్నావు. లావుగా రా, ఎర్రగా రా అని చెప్పినావా? చిక్కి వస్తే రావద్దన్నావా? నా తీగలు మాడిపోతాండాయి. ఆ మాటన్నా వెనక్కు తీసుకో, తలుపన్నా తీయి."

కొండ గడియ వైపు చూశాడు. తలుపు తీయకుండా ఎన్నాళ్ళైనా ఉండగలడు కానీ, పిలిచి లేదనే రకం కాదు. గబగబా గడియ లాగాడు. ఇసుక మేటవేసి తలుపులు కదల్లేదు. సిగ్గు, కోపం రెండూ కలిసొచ్చి, ఉన్న బలమంతా పెట్టి గుంజాడు. ఆ ఊపుకు కొండ ఒళ్ళంతా అడ్డంగా పెళపెళా చీలింది. తలుపులు ఊడి, బండలు బండలుగా పగిలి, దొర్లుకుంటూ లోయలో పడ్డాయి.

"పీడ విరగడైంది" అని గొణిగి, కొండ వాటివైపు మళ్ళీ చూడలేదు.

పెన్న ఇసుక కిందనుంచి మెల్లగా కదిలింది. అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర ఆగింది, ప్రశ్నల కోసం. కొండ అడగలేదు. అడగకుండా ఉండడానికి ఎంత అవస్థ పడుతున్నాడో పైన రాళ్ళు కటకటలాడుతుంటేనే తెలుస్తోంది. పెన్న దాటిపోయింది. పొద్దుగూకేలోగా ఓబుళమ్మ పాదుల్లో మొదటి తీగ తల ఎత్తింది.

అప్పటినుంచే ఎర్రకొండ నడుమ గండి అంత వెడల్పుగా తెరుచుకుని ఉంది. రెండు పక్కలా రాళ్ళు పలకలు పలకలుగా చీలి ఉన్నాయి. వానాకాలంలో పోతే పెన్న ఎర్రగా అరుస్తూ కనిపిస్తుంది. చలికాలంలో పచ్చగా, నిదానంగా కనిపిస్తుంది. ఎండాకాలంలో పోతే, అంత లోతున ఇసుక తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు కూడా గండి అంగుళమైనా మూసుకోదు.