బోర్డు అవతల భోజనం

సర్పంచిగా గెలిచిన వారానికే అంకారావు ఊరి మొదట్లో బోర్డు పాతించాడు: "పరాయి దేశపు సరుకు ఈ ఊళ్లో ఉండరాదు." ఆ మాట మీదే ఓట్లడిగాడు, ఆ మాట మీదే గెలిచాడు. ఇక ఊళ్లోనే కుటీరం వేసుకున్న తన గురువు చిదంబర స్వామి వచ్చి, నలుగురిలో బాగుందని ఒక్క మాట అంటే చాలు, తనకు ఎదురుండదనుకున్నాడు.

మధ్యాహ్నం స్వామి వచ్చాడు. బోర్డు అక్షరం వదలకుండా చదివాడు. చంకలో టిఫిను డబ్బాతో బోర్డు దాటి ఊరి బయటికి పోయి, రోడ్డు పక్కన తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాడు.

జనం పోగయ్యారు. అంకారావుకి తల కొట్టేసినట్టయింది.

"ఇదేంది స్వామీ? ఎండలో కూర్చున్నారు! కుటీరంలో తినొచ్చుగా?"

"ఎట్టా తినేది నాయనా? డబ్బాలో గోంగూర పచ్చడి ఉంది."

"గోంగూర మనదే గదా!"

"గోంగూర పుట్టిల్లు తవ్వబోకు, నీకు నిద్రపట్టదు. ముందు మిరపకాయ సంగతి చూడు. ఐదొందల ఏళ్ల కింద పరంగీవాళ్ల ఓడలో వచ్చింది. నీ బోర్డు చూశాక దాన్ని ఊళ్లో పెట్టుకోవచ్చా?"

జనం పగలబడి నవ్వారు. ఆ పల్నాటి ఊళ్లో మిరప వెయ్యని ఇల్లు లేదు. కళ్లాల్లో ఆరిన కాయ చైనా దాకా పోతుంది. అక్కడ కొనేవాళ్లు ఒక్క వారం మొహం చాటేస్తే ఇక్కడ ఊరంతా దిగాలు పడుతుంది. వాళ్ల మీద ఏ సర్పంచి బోర్డూ పనిచెయ్యదు. అంకారావుకి తెలియకా? అతనికే నాలుగెకరాల తోట ఉంది.

ఉక్రోషం ఆగలేదు. "అయితే మనదంటూ ఏదీ లేదా స్వామీ? ఏం చూపించి ఈ ఊరికి పెద్దగా ఉండను?"

స్వామి అన్నంలో పచ్చడి కలిపి పెద్ద ముద్ద చేసి శిష్యుడి చేతిలో పెట్టాడు. గురువు పెట్టింది కాదనలేక అంకారావు నోట్లో వేసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, కళ్లవెంట నీళ్లు కారాయి. అయినా లొట్టలేసుకుంటూ మళ్లీ చెయ్యి చాచాడు.

"ఓడ దిగొచ్చింది కాయే నాయనా," అన్నాడు స్వామి, రెండో ముద్ద కలుపుతూ. "ఈ పచ్చడి కూడా ఓడ దిగొచ్చిందా?"

అంకారావు రెండో ముద్దా తిన్నాడు. చెయ్యి తుడుచుకుని బోర్డు వైపు చాలాసేపు చూశాడు.

మంచినీళ్లు తెమ్మంటాడనుకుని ఎవరో చెంబు కోసం పరుగెత్తబోయారు.

అతను గడ్డపార తెమ్మన్నాడు.