నాలుగు రోజుల నీళ్లు

"మాస్టారూ, నాకు పని వచ్చినట్టేనా? ఒక్కదాన్నే వెళ్లి చేసుకోవచ్చా?" అని నూకరత్నం ఆ ఉదయం మళ్లీ అడిగింది. మాస్టారి దగ్గర పని నేర్చుకుంటూ ఏడాదిగా అడుగుతున్న ప్రశ్నే అది. విశాఖపట్నంలో ఉప్పునీటి చేపల తొట్ల పనంటే పరదేశయ్య మాస్టారి తర్వాతే ఎవరైనా. ఆయనకో అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చేతికి పని చెబుతారు. ఆ రోజూ అంతే.

"పగడాన్ని సంచిలోకి ఎత్తు. చలపతిరావు గారి ఆఫీసుకి వెళ్దాం" అన్నారు.

పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి కాదు సుమండీ. ప్రాణమున్న జీవి. హాయిగా ఉంటే మెత్తటి వేళ్లు చాపి నీళ్లలో ఊగుతుంది, నచ్చకపోతే ముడుచుకుపోతుంది. సముద్రంలోంచి విరిచి తెచ్చిందీ కాదు. గోరంత ముక్కని మాస్టారి తొట్లోనే మూడేళ్లు సాకి అరచెయ్యంత చేసింది రత్నం. దాన్ని నీళ్ల సంచిలో పెట్టి, సంచిని థర్మోకోల్ పెట్టెలో పెట్టి, ఆటో గతుకుల్లో పడ్డప్పుడల్లా పెట్టెని ఒళ్లోంచి పైకెత్తి పట్టుకుంది. "పసిగుంటేటమ్మా లోపల?" అని ఆటో అతను నవ్వాడు కూడా.

చలపతిరావు గారు ఇళ్లు కట్టే వ్యాపారి. కొత్త ఆఫీసుకి ఆ రోజే ప్రారంభోత్సవం. పదకొండింటికి పెద్దమనుషులొస్తారు, అప్పటికి హాల్లో తొట్టి కళకళలాడాలి. ఆయన ఒక్క మాటంటే చాలు, ఊళ్లో హోటళ్ల తొట్లన్నీ మాస్టారి చేతికొస్తాయి. అనకపోతే, ఉన్నవీ పోతాయి.

రత్నం సంచి మూతి విప్పకుండానే తొట్టిలో తేలేసింది. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వెచ్చదనానికి రావాలి గదా! ఈలోగా చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి పరీక్ష చుక్కలు వేసింది. పసుపురంగులో ఉండాల్సినవి ముదురు ఆకుపచ్చకి తిరిగాయి. అంటే విషం. ఆఫీసువాళ్లు అప్పటికే వదిలిన రెండు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, పాపం.

"ఈ నీళ్లు ఎప్పుడు నింపారండీ?"

"సోమవారం" అన్నారు చలపతిరావు గారు. ఆ రోజు శుక్రవారం. కొత్త ఉప్పునీళ్లు కుదుటపడాలంటే నెల పైమాటే. రెండు నెలలైందని ఫోన్లో చెప్పిన పెద్దమనిషి ఈయనే!

"ఇందులో వేస్తే చచ్చిపోతుందండీ."

"చస్తే ఇంకోటి కొంటాను. కానివ్వమ్మా, టైమైపోతోంది."

మాస్టారు తొట్టివంక చూశారు. గుమ్మంవంక చూశారు. "వేసెయ్, రత్నం" అన్నారు.

రత్నానికి ఒళ్లు మండిపోయింది. నీళ్లు చూడందే దేన్నీ వదలొద్దని మూడేళ్లపాటు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన మనిషేనా ఈయన!

"వెయ్యను, మాస్టారూ."

"చెప్పినట్టు చెయ్."

"చెయ్యను. మీరు చెప్పినా చెయ్యను, ఆయన తలకిందులుగా తపస్సు చేసినా చెయ్యను."

చలపతిరావు గారు చొక్కా చెయ్యి పైకి లాక్కుని తనే సంచి అందుకోబోయారు. రత్నం ఒక్క ఊపున లాగేసుకుంది. ఆయన పట్టుపంచె మీద ఉప్పునీళ్లు చిందాయి.

"మీకు ఇంకోటి దొరుకుతుందండీ. దీనికి ఇంకో ప్రాణం దొరకదు" అని సంచిని పెట్టెలో సర్దుకుని, బొకేలతో ఎదురొస్తున్న పెద్దమనుషుల మధ్యనుంచే మెట్లు దిగిపోయింది. ఈ ఊళ్లో మీకు పనెవడిస్తాడో చూస్తానంటూ వెనక చలపతిరావు గారి కేకలు. ఆమె తల తిప్పితే ఒట్టు.

రోడ్డు మీదికొచ్చి, ఆటో స్టాండు దగ్గర అరుగు మీద కూలబడింది. కాసేపటికి మాస్టారూ వచ్చి పక్కనే కూర్చున్నారు. పెట్టెని ఎండలోంచి నీడలోకి జరిపారు. అది చూసి రత్నానికి చటుక్కున ఏదో తట్టింది, మొహం విప్పారింది.

"నన్ను పరీక్షించారు కదూ, మాస్టారూ?"

మాస్టారు పెట్టె మూత ఎత్తి, సంచిలో ముడుచుకుని ఉన్న పగడాన్ని కాసేపు చూసి, మూత పెట్టేశారు.

"లేదమ్మా. నిజంగానే వెయ్యమన్నాను" అన్నారు.