చంకనెక్కని నూకాలు

ఫిజియోథెరపిస్టు ఢిల్లేశ్వర్రావుకి ఒకటే యావ. నూకాలుని నడిపించాలి.

పుట్టుకలోనే మెదడుకి దెబ్బ తగిలి ఆ పిల్ల కాళ్లు బిగుసుకుపోయాయి. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. కూచోబెడితే కూచుంటుంది, అంతే. నవ్వు మాత్రం, అబ్బో, వీధి చివరికి వినిపిస్తుంది.

"ఎప్పుడు నడుస్తాది బాబూ?" అని వాళ్లమ్మ అప్పలకొండ వచ్చినప్పుడల్లా అడిగేది. ఆ కళ్లు చూస్తే ఇతనికి అన్నం సయించేది కాదు. ఒక్కసారి, ఒక్కసారి ఆ పిల్ల నాలుగడుగులేసి తల్లి ఒళ్లో పడితే చాలు దేవుడా అనుకునేవాడు.

కొండ కింద ఆ చిన్న వైద్యశాలని నడిపేది సిస్టర్ ఫిలోమినా. జుట్టు నెరిసిన సన్యాసిని. ఢిల్లేశ్వర్రావుకి ఫిజియోథెరపీలో ఓనమాలు దిద్దించిన గురువు. నడవలేని పిల్లలకి నొప్పి ఉన్నా లేకపోయినా ఆర్నెల్లకోసారి తుంటి ఎక్స్‌రే తీయించాల్సిందేనని ఆవిడ పట్టు.

ఈసారి ఢిల్లేశ్వర్రావు తీయించలేదు. సిస్టర్ అడిగితే నీళ్లు నమిలాడు.

"పిల్లకి నొప్పే లేదు సిస్టర్. టౌనుకెళ్తే రోజంతా పోతుంది. ఆ రోజేదో కడ్డీ పట్టుకుని నిలబడ్డం నేర్పుదామని..."

సిస్టర్ అప్పలకొండ వైపు తిరిగింది. పిల్లని రెండు చేతుల మీదా అడ్డంగా వేసుకుని నిలబడి ఉందామె.

"చంకనేసుకోవేం?"

"ఎదిగిపోనాది సిస్టరమ్మా. కుదరట్లేదు."

"ఏదీ, ఒక్కసారి వేసుకో."

తల్లి చంకకెత్తుకోబోయింది. తల్లి నడుం చుట్టూ కాళ్లు వెయ్యబోతే పిల్ల ఎడమ తొడ పక్కకి విడలేదు. మళ్లీ ఎత్తింది. ఊహూఁ. పిల్ల జారిపోతూ కూడా కిలకిలా నవ్వుతోంది. సిస్టర్ చప్పున పట్టుకుంది.

ఢిల్లేశ్వర్రావు అప్పటికప్పుడు ఆటో మాట్లాడి, తల్లీబిడ్డల్ని తనే టౌనుకి తీసుకెళ్లాడు.

సాయంత్రం ఎక్స్‌రే తెచ్చి సిస్టర్ ముందు కిటికీ వెలుగుకి పట్టాడు. బిగుసుకున్న కండరాలు లాగి లాగి, ఎడమ తొడ ఎముక గుండు తుంటి గిన్నెలోంచి సగం బయటికి జరిగి ఉంది. పూర్తిగా ఊడలేదు. ఆపరేషన్‌కి ఇంకా అదును దాటలేదు.

"ఒక్కసారి కూడా అబ్బా అనలేదు సిస్టర్." అతను ఎక్స్‌రే కిందికి దించాడు. "ఒక్కసారి ఏడ్చి ఉంటే నేను..."

"ఏడ్చేదాకా ఆగడానికా నాయనా, మనం ఇక్కడున్నది?"